చేతి బిగువు

రేపు రాత్రికి మంచు పడుతుందని రేడియో చెప్పింది.
కెమియార్వి మున్సిపల్ షెడ్డులో
సిమెంటు నేల మీద అట్టముక్క పరుచుకుని
యుటిలిటీ బండి కింద వెల్లకిలా పడుకున్నాను.
ఇప్పుడే ఆపిన ఇంజను వేడి
ఇంకా ముఖానికి తగులుతోంది.

ముందు తొట్టి దించాలి. మంచు పార నేలకి ఆనాలి.
సిలిండర్లలో నిలిచిన నూనె అంతా ఇల్లు చేరాకే
గాజు కన్నులో మట్టం చూడాలి.
ఎత్తిన చేతులతో బండి అబద్ధం చెబుతుందని
నాకు నేర్పినవాడు తావెత్తి.

తావెత్తి ఇప్పుడు పొయ్యి పక్క బల్ల మీద ఉన్నాడు.
పింఛను తీసుకుని ఎనిమిది నెలలు.
మంచు కబురు విని వచ్చాడు, ఎవరూ పిలవలేదు.
కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.
ఒక్క చేతిలో కాఫీ నిలవదు.

నిరుటి అక్టోబరు పేజీలో ఆయన అక్షరాలు, చీమల బారు:
హైడ్రాలిక్ ఫిల్టర్ మార్చాను. 1,860 గంటలు.

పట్టీ తగిలించి తిప్పాను. కదల్లేదు.
మళ్ళీ తిప్పాను.
ఒళ్ళంతా దాని మీద వేలాడేశాక
పన్ను ఊడినట్టు ఒక్క చిటుకు,
మోచేతి దాకా నల్లటి నూనె.
పాలలా తెల్లబడలేదు, నీళ్ళు చేరలేదు, అంతవరకు నయం.

డబ్బా తుడిస్తే మార్కర్ రాత బయటపడింది.
అవే చీమలు.
కానీ నాలుగేళ్ళ కిందటివి.
910 గంటలు.

పుస్తకం ఒకటి చెబుతోంది, ఇనుము ఒకటి చెబుతోంది.
ఇనుముకి మొహమాటం లేదు.

డబ్బా కోసి లోపలి కాగితం కుచ్చిళ్ళు విప్పాను.
ప్రతి మడతలో మసి, మసిలో సన్నటి కంచు మెరుపు.
ఫిల్టర్ పూడుకుపోతే నూనె ఆగదు,
ఒక చిన్న వాల్వు పక్కదారి తెరుస్తుంది,
మురికి మురికిగానే పని సాగిపోతుంది.
నిరుడు చలికాలమంతా ఊరి వీధులు అలాగే శుభ్రపడ్డాయి.

"గట్టిగా ఉందా?" అన్నాడు తావెత్తి.
ఏది అని నేను అడగలేదు.
"తుప్పు పట్టింది," అన్నాను. సగం నిజం.
మిగతా సగం, నాలుగేళ్ళ కిందట ఆయన చేతిలో ఎంత బలముందో
నా భుజానికి ఇవాళ తెలిసింది.

పొయ్యిలో బర్చ్ కట్టె ఒకటి కూలింది.
కప్పు బల్ల మీద పెట్టడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది.
"రెండు గంటలు దాని కింద పడుకున్నా హిల్యా, నిరుడు.
పెయింటు డబ్బాల వెనక చూడు."

చూశాను.
దుమ్ము కప్పిన అట్టపెట్టె,
లోపల ప్లాస్టిక్ కూడా చింపని కొత్త ఫిల్టర్.

ఏమనాలో తోచలేదు.
నూనె డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను,
ఫిల్టర్ పక్కన పెట్టాను, రబ్బరు వలయం పైకి ఉండేలా.
బిగించే ముందు వేలితో నూనె రాయాలి కదా.

చూపుడు వేలు ముంచాడు.
వణుకు ఆగలేదు.
వణుకుతూనే వలయం చుట్టూ తిరిగింది,
ఒకసారి కాదు, మూడుసార్లు.
ఎక్కడా పొడి మిగల్లేదు.

"చేతి బిగువు, ఆపైన ముప్పావు చుట్టు," అన్నాడు,
నాకు తెలియనట్టు.
"పట్టీ వాడకు. రేపు విప్పేవాళ్ళని తలుచుకుని బిగించు."
తర్వాత తనే నవ్వాడు, ముక్కుతో.

స్టార్ట్ చేసి మూడుసార్లు తొట్టి ఎత్తి దించాను.
గాజు కన్నులో నురగ పైకి లేచి, మెల్లగా అణిగి
గీత కిందికి జారింది.
అర లీటరు పోశాను.

డబ్బా మీద రాశాను: 2,240 గంటలు. హిల్యా.
పక్కన ఖాళీ ఉంచి మార్కర్ ఆయనకిచ్చాను.
ఈసారి చీమలు చెదిరిపోయాయి,
ఎవరో బెల్లం ముక్క లాగేసినట్టు.

పుస్తకంలో నిరుటి పంక్తి కొట్టెయ్యలేదు.
దాని కింద రాశాను:
పాత ఫిల్టర్ 910 నాటిది. కంచు పొడి ఉంది.
పంపు విప్పి చూడాలి.
ఎవరు మార్చలేదో రాయలేదు.

తలుపు తీస్తే వీధి దీపం కింద ఏదో తెల్లగా రాలుతోంది.
"రేపు అన్నారుగా," అన్నాను.
తావెత్తి టోపీ కోసం వెతుక్కుంటున్నాడు.